కళ్ళజోడు లేని దేశం

మా బావ ఒక దేశాన్ని ముక్కు దగ్గర మొదలుపెట్టి చదివాడు. వేరేవాళ్ళయితే రాజధాని ఏది, వానలెప్పుడు పడతాయి, అక్కడ ఏం తింటారు అని చూస్తారు. ఈయన ముక్కులు చూశాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా కళ్ళజోళ్ళ కొట్టు నడిపిన మనిషికి లోకంలో ఏదైనా ముక్కుదూలం తర్వాతే. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు గానీ ముక్కులు మాత్రం మరిచిపోడు. బస్సులో ఎదురు సీటు పెద్దమనిషి ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసి తగువు దాకా తెచ్చుకున్న సందర్భాలు నాకే తెలుసు. ఆ పెద్దమనిషి కళ్ళెర్రజేసేలోపు మా బావ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, "మీ జోడు కుడి కాడ వదులైంది సార్, ఒక్క నిమిషం ఇవ్వండి" అనేవాడు. దిగే స్టాపు వచ్చేసరికి ఇద్దరూ పాత స్నేహితుల్లా కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారు.

నేను ఆయన మరదల్ని. అక్కకి పెళ్ళయిన కొత్తలో నేను బడికెళ్ళే పిల్లని. వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు నాకు నలభై దాటాయి, మునిసిపల్ లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నాను, అదే ఇంట్లో పై వాటాలో ఉంటున్నాను. అయినా బావకి నేనింకా 'పిల్లా'నే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందనీ, ఆ కోపం జారకుండా నిలబెట్టే ఫ్రేము తన దగ్గర లేదనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన లైబ్రరీకొస్తే గట్టిగా మాట్లాడినందుకు అందరి ముందూ వేలు చూపించి బయట కూర్చోబెట్టేదాన్ని.

ఆ కొట్టు వీధి మలుపులో మందుల షాపుకీ తాళాలు చేసేవాడికీ మధ్య ఇరుక్కుని ఉండేది. ముందు గదిలో ఫ్రేముల బీరువా. గది పొడవు చాలదు కాబట్టి కళ్ళు చూసే అక్షరాల బోర్డు కుర్చీ వెనక తగిలించి, ఎదురుగా నిలువుటద్దం పెట్టాడు. అద్దంలో తిన్నగా కనిపించాలని బోర్డు మీద అక్షరాలు తిరగేసి ఉండేవి. నేను ఆ కొట్లో కూర్చుని అక్షరాలు దిద్దబట్టే నా చేతిరాత అలా తగలడిందని అక్క ఇప్పటికీ అంటుంది. వెనక అర గదిలో సానచక్రం. దాని మీద నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతుంటే బావ లెన్సు అంచు అరగదీస్తూ కూర్చునేవాడు. పక్కనే ఒక మూకుడులో వేడి ఉప్పు. ప్లాస్టిక్ కాడలు అందులో గుచ్చి, మెత్తబడ్డాక తీసి, మనిషి చెవికి తగ్గట్టు వంచేవాడు.

తర్వాత ఎదురుగా దీపాల షాపొకటి వచ్చింది. నిజానికి అమ్మేది కళ్ళజోళ్ళే గానీ అన్ని దీపాలు చూసి మేం అలా పిలిచేవాళ్ళం. దాన్నయినా బావ తట్టుకునేవాడేమో. ఎవరో పుణ్యాత్ములు ఏటా టౌన్ హాల్లో పెట్టెలకు పెట్టెలు కళ్ళజోళ్ళు ఊరికే పంచడం మొదలుపెట్టారు. అవి ముక్కు మీంచి జారిపోతుంటే జనం సరిచేయించుకోవడానికి బావ దగ్గరికే వచ్చేవారు. కొనడానికి మాత్రం రాలేదు. చివరికి ఒకరోజు షట్టరు దించేసి, సానచక్రాన్ని ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ఇంట్లో తలుపు బందులన్నిటికీ నూనె వేశాడు. వేసినవాటికే మళ్ళీ వేశాడు. ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల పిల్లల్ని అక్క పగలంతా ఇంట్లో చూసుకుంటుంది. ముందు గదంతా బొమ్మలు, చిన్న చాపలు, పాలసీసాలు. వాటి మధ్య ఒక మూల కుర్చీలో బావ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం అక్క పైకొచ్చి నా మంచం మీద కూర్చుని, "ఆయన్ని అలా చూస్తుంటే నాకు ఏడుపొస్తోందే. తిట్టడానిక్కూడా మనసు రావట్లేదు" అంది. బావని తిట్టకపోతే అక్కకి పొద్దు గడవదు. పరిస్థితి ఎంత దాకా వచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే కంటి ఆసుపత్రి గోడ మీద నాకా ప్రకటన కనిపించింది. ఫలానా దేశంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి ఏడాది పాటు పనిచేసే వాలంటీర్లు కావాలి, కళ్ళజోళ్ళ పని తెలిసినవాళ్ళూ రావచ్చు అని ఉంది. వయసుకి ఒక హద్దు పెట్టారు. బావ ఈ ఏడు ఆ హద్దుకి ఇవతల ఉన్నాడు, వచ్చే ఏడు అవతలికి పోతాడు. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ లేదు. నేనొచ్చి చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే, పిలుపు కోసమే ఇన్నాళ్ళూ చెప్పులేసుకుని కూర్చున్నాడేమో అనిపించింది. అక్క "వెళ్ళిరండి, ఏడాదిపాటు నాకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అని లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. సంస్థవాళ్ళు, ముందు ఆ దేశం గురించి బాగా తెలుసుకోండి, అక్కడ మీరేం చేస్తారో ఆలోచించుకోండి, రెండు నెలలయ్యాక వచ్చి మాకు చెప్పండి, అది విన్నాకే ఎవర్ని పంపాలో తేలుస్తాం అన్నారు.

మా లైబ్రరీలో ఆ దేశం మీద ఒకే ఒక్క పుస్తకం ఉంది. అది నాకంటే వయసులో పెద్దది, అందులో సగం పక్షుల గురించే. బావ దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. పక్షుల ముక్కులు కూడా కొలిచావా బావా అని అడిగాను. నవ్వలేదు. అంత గంభీరంగా ఉన్నాడు. అప్పట్నించి లైబ్రరీ మూసే వేళకి రావడం, నా కంప్యూటరు పక్కన స్టూలు వేసుకోవడం, "నువ్వు టైపు చెయ్యి పిల్లా, నేను చూస్తా" అనడం. నేను అక్కడి చట్టాలు, వాతావరణం, జబ్బులు అని ఏవేవో తీసి చూపించేదాన్ని. తల ఊపేవాడు, మనసక్కడ ఉండేది కాదు. ఆయనకు ముఖాలు కావాలి. బడిపిల్లల గ్రూప్ ఫొటోలు, కూరల మార్కెట్టు, పెళ్ళివాళ్ళు, ఆటల పోటీలో అరుస్తున్న జనం, ఊరి పెద్దలతో కలిసి దిగిన ఆసుపత్రి సిబ్బంది. అన్నీ అచ్చు వేయించుకుని ఇంటికి పట్టుకెళ్ళి ముందు గది గోడకి అతికించాడు. గోడంతా ఆ దేశం ముఖాలే. అక్క దగ్గరుండే పిల్లలు ఒక్కొక్క ముఖానికీ ఒక్కొక్క పేరు పెట్టేసి, పొద్దున రాగానే అందరినీ పలకరించేవారు.

కొన్ని వారాలకి ఆయన తేల్చిందేమిటంటే, ఆ దేశంవాళ్ళ ముక్కుదూలం మనవాళ్ళ దానికంటే కొంచెం తక్కువ ఎత్తు, బుగ్గ ఎముక కొంచెం ముందుకి. ఇక్కడి ఫ్రేము అక్కడ పెడితే మామూలప్పుడు కిందికి జారుతుంది, నవ్వితే బుగ్గ తగిలి పైకి లేస్తుంది. వెనక వరండాలో మూకుడు మళ్ళీ వేడెక్కింది. ముక్కు మీద ఆనే బుడిపెల్ని ఎత్తు చేసి, రకరకాల ఫ్రేములు తయారుచేశాడు. ఈల వేస్తూ పనిచేసుకుంటున్నాడు. ఉప్పంతా నేలపాలు చేస్తున్నారని అక్క తిట్టడం మొదలుపెట్టింది. ఇల్లు మళ్ళీ ఇల్లులా అయింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊపులోనే పెద్ద సంగతి కనిపెట్టాడు. ఒక ఆదివారం నన్ను కిందికి పిలిచి గోడ ముందు నిలబెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడు. ముక్కులు అన్నాను. ఏం లేదో చూడమన్నాడు. అప్పుడు చూశాను. అంతమందిలో ఒక్కరికీ కళ్ళజోడు లేదు. ముసలివాళ్ళకి లేదు, పంతుళ్ళకి లేదు, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకే లేదు. ఇద్దరం కలిసి మళ్ళీ వెతికాం. ఎంత వెతికినా ఒక మంత్రిగారు తప్ప దొరకలేదు, ఆయనవి కూడా నల్లద్దాలే. "దేశానికి దేశం మసగ్గా బతుకుతోంది పిల్లా" అన్నాడు బావ. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతులో జాలీ ఉంది, ఎక్కడో కాస్త సంబరమూ ఉంది. తన కోసమే ఒక దేశం ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తోందని తెలిస్తే ఎవరికి సంబరం ఉండదు? నాకూ ఒళ్ళు పులకరించింది. కొన్ని వేల కళ్ళజోళ్ళు పట్టుకెళ్ళాలి, ఆసుపత్రి వరండాలోనే పని పెట్టాలి, అందరికీ ఊరికే ఇవ్వాలి అని ఇద్దరం కూర్చుని పథకం వేశాం. ఫోనులో చెబితే సంస్థ మేనేజరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇలాంటిదే కావాలి, ఇదే వచ్చి చెప్పండి, మీకు తిరుగుండదు అన్నాడు.

ఇక్కడ అక్క గురించి ఒక మాట చెప్పాలి. అక్క దగ్గరుండే పిల్లల్లో ఒక బూరెబుగ్గల పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, సరిగ్గా ఆ దేశపు మనిషే, అందులోనూ ఆ ఊరి దగ్గరే. మన భాష చక్కగా మాట్లాడుతుంది. ఈ సంగతి అక్క మొదటి వారంలోనే చెప్పింది, ఆమెని అడగండి అని కూడా అంది. బావ ఒప్పుకోలేదు. ఏమీ తెలియకుండా అడిగితే నవ్వుతుంది, ముందు బాగా చదువుకుని అప్పుడు అడుగుతాను అన్నాడు. లైబ్రరీలో పనిచేసేదాన్ని, నాకూ అదే సబబనిపించింది. అలా ఆ దేశం రోజూ సాయంత్రం మా గుమ్మంలోకొచ్చి, పిల్లని ఎత్తుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంటే మేమిద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం.

మేనేజరు మెచ్చుకున్నాక బావకి ధైర్యమొచ్చింది. ఇక నర్సమ్మని పిలవొచ్చు అన్నాడు. సెలవు రోజున టీకి పిలిచాం. మామూలుగా పిల్లని గుమ్మం దగ్గరే అందుకుని పరుగున వెళ్ళిపోతుంది కాబట్టి ఆమె లోపలి గోడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసి దగ్గరికెళ్ళి, ఇది మా ఊరి బస్టాండు, ఇది నేను చదివిన బడి అని వేలితో తడుముతూ వెళ్ళింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. బావ ఆరిందాలా పక్కన నిలబడి, ముక్కుల సంగతి చెప్పాడు. నిజమే అంకుల్, మా నాన్నకి కూడా జోడు జారిపోతూ ఉంటుంది అంది. బావ అక్కడే ఆగిపోయాడు.

"మీ నాన్నగారికి కళ్ళజోడు ఉందా?" అని అడిగాడు.

"ఉంది కదా. మా అమ్మమ్మకైతే రెండున్నాయి."

"మరి వీళ్ళెవరికీ లేదేం?" అని గోడంతా చూపించాడు.

నర్సమ్మకి ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పాపం, నవ్వకూడదని. "ఫొటో తీస్తుంటే కళ్ళజోడు ఎవరు పెట్టుకుంటారు అంకుల్? తీసి జేబులో పెట్టుకుంటారు గానీ."

అక్క లేచి లోపలికెళ్ళింది. వచ్చేటప్పుడు మా ఇంటి ఆల్బమ్ తెచ్చి బావ ఒళ్ళో పెట్టింది. పెళ్ళి ఫొటోలో బావకి కళ్ళజోడు లేదు. కొట్టు తెరిచిన రోజు కొట్టు ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలోనూ లేదు. పై జేబులోంచి కాడ ఒకటి బయటికి కనిపిస్తోంది. నాకైతే కాలేజీ నుంచీ సైటు, ఆల్బమ్ మొత్తంలో ఒక్క దాంట్లోనూ జోడు పెట్టుకుని లేను. ముందు అక్క నవ్వింది, తర్వాత నర్సమ్మ, ఆ పైన పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. కాసేపటికి బావ కూడా నవ్వాడు. కళ్ళజోళ్ళ కోసం ఫొటోల్లో వెతికే తెలివి కళ్ళజోళ్ళవాడికే వస్తుందని ఆయనే అన్నాడు. అక్కడితో ఆగితే అదొక సరదా కథగా మిగిలేది.

నర్సమ్మ టీ తాగుతూ మిగతాది చెప్పింది. ఆ ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే, బస్టాండు వెనక సందులో, ఒకావిడకి కళ్ళజోళ్ళ కొట్టుంది. చాలా ఏళ్ళుగా ఉంది. అమ్మమ్మ జోళ్ళు రెండూ ఆవిడ చేసినవే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. కానీ ఒంటరి మనిషి, సాయం ఎవరూ లేరు. మామూలు పవర్లయితే తనే చేసేస్తుంది. ఎక్కువ పవరువి, మెల్లకన్నువి రాజధానికి పంపితే తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది. పిల్లలకైతే ఈలోగా సైటే మారిపోతుంది. మీలాంటివాళ్ళు పక్కనుంటే ఆవిడకి ఎంత బాగుంటుందో అని మామూలుగా అనేసి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బావ ఆ రోజు గోడ ముందు నుంచి కదల్లేదు. మర్నాడు ఈల లేదు, మూకుడు వేడెక్కలేదు. సంస్థవాళ్ళ దగ్గరికి వెళ్ళే రోజు దగ్గరపడుతోంది. మూడో నాటికి నాకు ఓపిక నశించింది. కిందికి దిగి ఒక్కసారిగా కడిగేశాను. ఇప్పుడేం మునిగిపోయిందని, మేనేజరుకి నచ్చిన పథకం అదే చెప్పు, ముందు నువ్వు ఎంపికవ్వు, అక్కడికెళ్ళాక ఆవిడతో ఎలా ఉండాలో అలా ఉండొచ్చు, ఇంత దూరం వచ్చి ఇప్పుడు నోరు జారితే వచ్చే ఏడు మళ్ళీ ఉంటుందా అన్నాను. అక్క కూడా నా పక్షమే. ఆయన వెళ్ళకపోతే మళ్ళీ ఆ మూల కుర్చీలో కూర్చుంటాడన్న భయం మా ఇద్దరికీ ఉంది.

బావ కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పాడు. "టౌన్ హాల్లో పంచినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు పిల్లా. వాళ్ళూ మనలాగే మంచి చేస్తున్నామనుకున్నారు. ఆ సందులో ఒక కొట్టుందని వాళ్ళకి తెలియదు, అంతే. నాకు తెలిసిపోయిందిగా." తర్వాత, "నాకు వెళ్ళాలనే ఉంది. చాలా ఉంది" అన్నాడు. ఆ రెండో మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

సంస్థ ఆఫీసు ఒక పాత మేడ మీద ఉంది. గదిలో పొడుగాటి బల్ల, గోడకి పెద్ద కన్ను బొమ్మ, తిరిగీ తిరగని ఫ్యాను. బల్లకి అవతల ఒక కంటి డాక్టరమ్మ, మేనేజరు. తోడుగా వచ్చానంటే నన్నూ లోపల ఒక మూల కూర్చోనిచ్చారు. మేనేజరు హుషారుగా, చెప్పండి మీ వేల కళ్ళజోళ్ళ పథకం అన్నాడు. ఫొటోల్లో కళ్ళజోళ్ళు వెతికిన సంగతి బావ మొదటి నుంచి చెప్పాడు, ఆల్బమ్‌తో సహా. డాక్టరమ్మ పకపకా నవ్వి తన మెడలో వేలాడుతున్న కార్డు తిప్పి చూపించింది. అందులో ఆమెకీ కళ్ళజోడు లేదు. మేనేజరు నవ్వలేదు. బస్టాండు సందులో ఆవిడ కొట్టు సంగతి కూడా బావ చెప్పి, "నన్ను పంచడానికి పంపకండి. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ కొట్లో పనివాడిగా పంపండి. ఒప్పుకోకపోతే నేనక్కడికి వెళ్ళకూడదు" అన్నాడు.

మేనేజరు ముఖం మాడిపోయింది. పంచడానికి జోళ్ళు ఇస్తామన్నవాళ్ళకి ఇప్పటికే మాట ఇచ్చేశాడట. ఆయనా డాక్టరమ్మా పక్క గదిలోకెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. బావ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడిలా కూర్చున్నాడు. తిరిగొచ్చి డాక్టరమ్మే చెప్పింది. అక్కడ కొట్టుందని మాకూ ఎవరూ చెప్పలేదు, మీరు చెప్పారు కాబట్టి ఇక పంచడం ఉండదు. మీరు ఆవిడతో మాట్లాడండి. ఆవిడ రమ్మని మాకు కబురు పంపితే మీరే వెళ్తారు. వద్దంటే ఈసారికి ఇంకొకర్ని ఇంకొక ఊరికి పంపుతాం. మెట్లు దిగుతూ, ముక్కూ ముఖం తెలియని మనిషి చేతుల్లో నీ ప్రయాణం పెట్టావు బావా అన్నాను. ముఖం తెలియదు గానీ ముక్కు కొంచెం తెలుసు అన్నాడు.

నర్సమ్మ వాళ్ళ అమ్మమ్మకి చెప్పింది, అమ్మమ్మ వెళ్ళి కళ్ళజోళ్ళావిడకి చెప్పింది. ఆవిడ సరేననలేదు, కాదనలేదు. బదులుగా బావ గురించి ఆరా తీయడం మొదలుపెట్టింది. మనిషికి కోపమెక్కువా, తాగుతాడా, పని చేస్తూ కబుర్లు చెబుతాడా, పెళ్ళాంతో ఎలా ఉంటాడు అని అమ్మమ్మ ద్వారా ఒక్కొక్కటే వస్తుంటే నర్సమ్మ సాయంత్రాలు గుమ్మంలో నిలబడి అడిగేది. అక్కే జవాబులు చెప్పేది. మేం ఆ దేశాన్ని చదివితే ఆ దేశం మా ఇంటిని చదువుతోంది. తను చెప్పిన జవాబులేమిటో అక్క బావకి చెప్పలేదు. ఆయన బతిమాలినా చెప్పలేదు. చివరికి ఆవిడ, మనిషిని ఒకసారి చూడాలి అని కబురు పంపింది.

నర్సమ్మ ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి బల్ల మీద పెట్టాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దువ్విన తలే మళ్ళీ దువ్వుకుని కూర్చున్నాడు. తెర మీద ఆవిడ కనిపించింది. బావ కంటే పెద్దదే అయ్యుంటుంది. నెరిసిన జుట్టు బిగించి కట్టుకుంది, వెనక ఫ్రేముల బీరువా, ఒక పక్క సానచక్రం అంచు. ముఖానికి జోడుంది. ఆవిడ నవ్వలేదు. అడుగుతూ వెళ్ళింది, నర్సమ్మ మన భాషలో చెబుతూ వచ్చింది. కొట్టెందుకు మూశావు అంది. బావ చెప్పాడు. చేతులు చూపించమంది. చూపించాడు. సాన మీద అరిగిపోయిన బొటనవేళ్ళు చూసి తన బొటనవేళ్ళు కూడా చూపించింది, అవీ అలాగే ఉన్నాయి. జనం నన్నొదిలేసి పరాయి దేశంవాడి దగ్గరే చేయించుకుంటామంటే ఏం చేస్తావు అంది. వెనక గదిలో చక్రం దగ్గరే కూర్చుంటాను, ముందు గదిలోకి రాను అన్నాడు. ఆవిడ తల ఆడించింది గానీ రమ్మనలేదు.

దానికి తోడు బావ తీరు ఒకటి. జవాబులు చెబుతున్నాడే గానీ చూపు ఆవిడ ముఖం మీంచి కదలడం లేదు. కుడి చేతి వేళ్ళు మోకాలి మీద ఏదో వంచుతున్నట్టు కదులుతున్నాయి. నేను బల్ల కింద కాలితో పొడిచాను. లాభం లేకపోయింది. ఆవిడకీ అది కనబడింది. ఇందాకట్నించీ నా ముఖంలో ఏం చూస్తున్నావు అని అడిగింది. అయిపోయింది అనుకున్నాను.

బావ ఇక దాచలేక చెప్పేశాడు. "మీ ఎడమ కాడ చెవి వెనక ఎక్కువ వంగింది. అందుకే జోడు ఒక పక్కకి వాలుతోంది. ముక్కు మీద కుడి వైపు నొక్కుకుపోయి మచ్చ పడి ఉంటుంది. నొప్పిగా ఉండాలే."

నర్సమ్మ ఆ మాట చెప్పడానికి కాస్త జంకింది, అయినా చెప్పింది. ఆవిడ జోడు తీసింది. ముక్కు మీద కుడి వైపు ఎర్రటి గుంట, పాతది. దాన్ని వేలితో రాసుకుంది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. నర్సమ్మ ఫోను మీంచి మా వైపు తిరిగింది.

"ఈ ఊళ్ళో అందరివీ నేనే సరిచేస్తాను, నాది సరిచేసేవాళ్ళు లేరు అంటోంది. అద్దంలో చూసుకుంటూ ఎంత వంచుకున్నా కుదరలేదట. ఇన్నేళ్ళలో ఇలా వాలిందని చెప్పినవాళ్ళు కూడా లేరట. రమ్మంటోంది అంకుల్. వచ్చి ముందు తనది చూడమంటోంది."

బావకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. దాచుకోవడానికి ప్రయత్నించలేదు కూడా. అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన జోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మీ భాషలో వస్తున్నాను అని ఎలా చెప్పాలి అని నర్సమ్మని అడిగాడు. ఆమె చెప్పింది. బావ ఫోనుకి దగ్గరగా వంగి ఆ మాట అన్నాడు. తప్పుగా అన్నట్టున్నాడు, ఆవిడ తల అడ్డంగా ఊపి సరిగ్గా పలికి వినిపించింది. బావ ఈసారి ఆవిడ చెప్పినట్టే అన్నాడు.